అవిసె నూనె పట్టిన బ్యాట్

ఐసెలిన్ ఊళ్ళో పిల్లల బేస్‌బాల్ మైదానానికి, ఎనభై నాలుగులో, ఇంకా చెక్క బ్యాట్ తెచ్చేది దక్షిణామూర్తి కూతురు రేణు ఒక్కతే. గుంటూరులో క్రికెట్ ఆడిన చేతులాయనవి. శనివారం ఆట ఉందంటే శుక్రవారం సాయంత్రమే గరాజ్‌లో స్టూలు వేసుకుని ఆ బ్యాట్‌కి, క్రికెట్ బ్యాట్‌కి పట్టించినట్టే, అవిసె నూనె పట్టించేవాడు. దీనికి నూనె అక్కర్లేదని కోచ్ చెప్తే బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చి మరో పూత పూసేవాడు. అల్యూమినియం బ్యాట్ ఆయనకు గిట్టదు. వంటింట్లో పళ్ళెం జారిపడ్డట్టు ఆ చప్పుడేమిటనేవాడు. అసలు భయం వేరు. దానికి తగిలిన బంతి మరీ వేగంగా తిరిగొస్తుంది; ఎదురుగా బంతి విసిరే పిచర్ రేణు. లీగ్ మీటింగ్‌లో లేచి ఆ మాటే చెప్పి, అందరూ చెక్క బ్యాట్లే వాడాలన్నాడు. చెక్కవి ఊరికే విరిగిపోతాయని మిగతా తండ్రులు కొట్టిపారేశారు.

ఆ తర్వాతి శనివారం అల్యూమినియం బ్యాట్‌కి ఠంగుమని తగిలిన బంతి సూటిగా రేణు మొహం మీదికే వచ్చింది. దక్షిణామూర్తి కంచె పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి ఆ పిల్ల రెండు చేతులూ గుండెకు హత్తుకుని, గ్లవ్‌లో బంతితో నవ్వుతోంది. ఆయన పెరట్లో నేర్పిన క్రికెట్ క్యాచ్ అది. కంచె వదిలి మెల్లగా బెంచీ మీద కూలబడ్డాడు.

కార్‌లో రేణు అడిగింది: “నాన్నా, నాకూ మెటల్ బ్యాట్ కొనవా? బాల్ ఫాస్ట్‌గా వెళ్తుంది.”

సీజనంతా బిగబట్టిన ఊపిరి వదిలినట్టు ఆయన నవ్వాడు.

“కొంటాలే. పిచర్ వైపు మాత్రం కొట్టకమ్మా. వాళ్ళ నాన్న కూడా అక్కడే కూర్చునుంటాడు.”