యోగా దక్కని గ్రూపు

నడుం నొప్పి నాకూ ఉంది, మా తోడికోడలికీ ఉంది. గుణదలలో ఇద్దరిదీ ఒకటే ఇల్లు. కింద మేము, పైన వాళ్ళు. వయసులో ఆవిడ నాకంటే ఆరేళ్ళు చిన్నది, నొప్పిలో మాత్రం సమానమే. ఒక వైద్య కళాశాలలో నడుం నొప్పికి యోగా పనిచేస్తుందో లేదో పరిశోధిస్తున్నారని తెలిసి ఇద్దరం కలిసే వెళ్ళాం.

పరిశోధన చేసే అమ్మాయి ఓపిగ్గా చెప్పింది.

"యోగా మంచిదని అందరూ అంటారాంటీ. దేనికి, ఎంత మంచిదో గట్టిగా తేల్చిన పరిశోధనలే తక్కువ. మందైతే ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చి చూడొచ్చు. ఉత్తుత్తి ఆసనం ఎక్కణ్ణించి తెస్తాం? అందుకే సగం మందికి నేర్పుతాం, సగం మందికి నేర్పం."

ఎవరు ఏ సగమో కవర్లలో పెట్టి ఇచ్చారు. మా తోడికోడలికి యోగా వచ్చింది. నన్నేమో మూడు నెలలు ఆసనాల జోలికి పోకుండా మామూలుగా ఉండమన్నారు, తర్వాత నేర్పుతారట. ఒళ్ళు మండిపోయింది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఇంతే! మంచి చీర ఆవిడకే, అత్తగారి మెప్పు ఆవిడకే, ఆఖరికి సైన్సు కూడా ఆవిడ వైపే.

నెల తిరిగేసరికి ఆవిడ మెట్లు చకచకా దిగడం మొదలెట్టింది.

"అక్కా, ఇప్పుడు నీళ్ళ బిందె ఎత్తినా ఏం అనిపించట్లా."

"ఊరంతా చెప్పుకోకు, దిష్టి తగులుద్ది" అన్నాను. తగిలితే ముందు నాదే తగలాలి.

మర్నాటి నుంచి పొద్దున్నే వడియాల పళ్ళెం పట్టుకుని డాబా ఎక్కాను. ఆవిడ ఆసనాలు వేసేది అక్కడే. వడియాలు తిరగేస్తున్నట్టు నటిస్తూ ఒక్కొక్కటీ చూసి పెట్టుకున్నాను. "ఇన్ని వడియాలు ఎవరికక్కా?" అని కూడా అడిగింది, పిచ్చిది. కిందికొచ్చి పడగ్గది గడియ పెట్టి, బోర్లా పడుకుని ఛాతీ పైకెత్తేదాన్ని. మొదటిరోజు మంచం కోడు పట్టుకుంటే గానీ లేవలేకపోయాను. పోను పోను నాకూ తగ్గింది.

మూడు నెలలయ్యాక ఆ అమ్మాయి అడిగింది.

"ఆసనాలేమైనా వేశారా ఆంటీ?"

పక్కనే తోడికోడలు కూర్చుని ఉంది. ఆవిణ్ణి చూసి నేర్చుకున్నానని చచ్చినా చెప్పను. "అబ్బే!" అన్నాను. ఆ అమ్మాయి నమ్మి రాసుకుంది. ఇప్పుడు నేర్పుతామంటే, తగ్గిపోయిందిగా, అక్కర్లేదన్నాను.

కొన్నాళ్ళకు ఫలితాలు చెబుతామని అందరినీ పిలిచారు.

"రెండు గ్రూపులకీ ఇంచుమించు ఒకేలా తగ్గిందండీ. యోగా వల్లే తగ్గిందని చెప్పలేం" అంది ఆ అమ్మాయి. గొంతులో నీరసం. మా గ్రూపులో ఇంకెంతమందికి మేడ మీద తోడికోడళ్ళున్నారో!

ఇల్లు చేరాక మా తోడికోడలు, "ఊరికే ఒళ్ళు హూనం చేసుకున్నానన్నమాట. నీకేం చెయ్యకుండానే తగ్గిందిగా" అంది. ఆ మర్నాటి నుంచి ఆసనాలు మానేసింది. నేను మానలేదు. గడియ పెట్టుకుని రోజూ వేస్తున్నాను.

మొన్న గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చింది. మళ్ళీ నొప్పి.

"నీ అదృష్టం చూస్తుంటే కుళ్ళుగా ఉందక్కా" అంది, నవ్వబోయి నవ్వలేక.

ఆవిడ నోట ఈ మాట వినాలని ముప్ఫయ్యేళ్ళుగా కాచుకుని ఉన్నానని అప్పుడే తెలిసింది. నిజం చెప్పేస్తే చాలు, రేపే మళ్ళీ మొదలెడుతుంది.

"కాఫీ తాగుతావా?" అన్నాను.