ట్యాగుల ముందు అడ్డగీతలు

భీమడోలు వరమ్మగారి అమ్మాయి ఎస్తేరురాణి గట్టుమీద కూర్చుని ఈత నేర్చినట్టు, కంప్యూటరు లేకుండానే ఎక్స్ఎమ్ఎల్ నేర్చుకుంది. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేశాక తండ్రికి కాపలా పని పోయింది. ఏలూరులో ఎక్స్ఎమ్ఎల్‌లో పుస్తకాలకు ట్యాగులు, అంటే ఇది శీర్షిక, ఇది పేరా అని కంప్యూటరుకు చెప్పే గుర్తులు, పెట్టే ఆఫీసు ఒకటి మనుషుల్ని తీసుకుంటోంది. పరీక్ష నెగ్గితే ఇల్లు గడుస్తుంది. టైపు మిషను మీద నేర్చిన టైపు ఎలాగూ వచ్చు. నెట్ సెంటర్లో పాఠాలు ప్రింటు తీయించుకుని, బళ్లో చూచిరాత రాసినట్టే పాత క్యాలెండర్ల వెనక రాసి బట్టీ పట్టింది.

వరమ్మగారికి విశ్వాసం ఎక్కువ. పరీక్షకు ముందే చర్చిలో లేచి, ఉద్యోగం వచ్చేసిందని సాక్ష్యం చెప్పేశారు.

పరీక్షలో రాణి చకచకా కొట్టింది. అక్షరాల సైజూ అమరికా చెప్పే స్టైల్‌షీటు తగిలిస్తే చక్కటి పేజీ రావాలి. ఎర్రర్ వచ్చింది. ఆఫీసాయన తొంగిచూశాడు.

"ట్యాగుల ముందు ఈ అడ్డగీతలేంటమ్మా?"

"పాఠంలో అలాగే ఉందండీ."

"అవి ఫైల్లో ఉండవు, తెర మీద బ్రౌజరు చూపించే గుర్తులమ్మా. మౌసుతో నొక్కితే లోపలిదంతా మూసుకుంటుంది. ఎప్పుడూ నొక్కలేదా?"

"కాగితం మీద ఏం నొక్కుతామండీ?"

గదిలో అందరూ నవ్వారు. మళ్లీ చేస్తానంది రాణి. టైము అయిపోయిందన్నాడాయన.

తర్వాతి నెలలో ఒక ఆదివారం, చర్చి మెట్ల దగ్గర ఒకావిడ మర్యాదగానే అడిగింది.

"ఏవండీ వరమ్మగారూ, అమ్మాయి ఏలూరు డ్యూటీకి రైల్లో వెళ్తుందాండీ?"

వరమ్మగారు కొంగు నెత్తిమీదికి లాక్కున్నారు.

"ఆటోలోనండీ."

అబద్ధమేం కాదు. ఐసులో చేపలు సర్దే షెడ్డుకి రాణితోపాటు ఆడవాళ్లందరినీ తెల్లారేసరికి ఆటోలోనే ఎక్కించుకుపోతారు.