బావ వేసిన ముడి, పోయిన ఫ్యూజులు

సిరిసిల్లలో మా అక్క భర్త నాలుగు సాంచాల ఆసామి. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. భివండిలో పదేళ్లు పరాయి సాంచాలు నడిపి ఆయన వెంట తెచ్చుకున్నవి రెండే: దగ్గు, ఒక పాత ఆంప్లిఫయర్. దగ్గును చూడడానికి ఎవరూ రారు కాబట్టి వాడకట్టులో ఆయన పరువంతా ఆంప్లిఫయర్ మీదే నిలబడింది. అందులో ట్రాన్స్‌ఫార్మర్ కాలితే మళ్లీ దొరకదని అమ్మినవాడు చెప్పి పంపాడు. బావ ఆ మాట అందరికీ చెప్పేవాడు, తనకు తప్ప.

ఒక మధ్యాహ్నం పాట మధ్యలో ఫ్యూజు పోయింది. కొత్తది వేశాడు, పోయింది. సిగరెట్ పెట్టెలోని తళుకు కాగితం చుట్టి పెట్టాడు. అది మెరిసి మరీ పోయింది.

నేను విలేకరిని గనుక అన్నీ తెలుసన్న అపోహ ఆ ఇంట్లో ఉండేది. "ఫ్యూజు ఊకెనే పోదు బావా. లోపలేమైందో ముందుగాల చూడాలె" అన్నాను.

"సూసుడేంది బామ్మర్ది? సాంచాకు ఫ్యూజు పోతె దొడ్డు తీగె ఏస్త. మల్ల పోదు. గిది మీ పేపర్ల రాయరా?"

మోటారు తీగను నాలుగు పేటలుగా పేని ఫ్యూజు చోట బిగించాడు. స్విచ్ మీద వేలు పెట్టాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. కోతలను తిడుతూ ఎన్నో వార్తలు రాశాను. ఆ ఒక్క కోతను మెచ్చుకుంటూ రాసే ధైర్యం లేకపోయింది.

కరెంటు వచ్చేలోపు అక్క ఆంప్లిఫయర్‌ను తీగలతో సహా దుప్పట్లో మూట కట్టింది. "కోరుట్లల మంచి మెకానిక్ ఉన్నడట. పొద్దుగాల తీస్కపోండ్రి. గీ ఇంట్ల ఇంకేం కాలవెట్టకుండ్రి."

అన్నల కాలం, అడుగడుగునా నక్సలైట్ల కోసం సోదాలు. ఇనుప పెట్టెను దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కడం ఎంత తెలివైన పనో మర్నాడు దారిలో పోలీసులు ఆపినప్పుడు తెలిసింది. మమ్మల్ని దింపి పెట్టె మూత విప్పించారు. పేనిన రాగి తీగను ఎస్సై లాఠీతో చూపి "గిదేంది?" అన్నాడు.

"ఫ్యూజు సార్."

"గింత దొడ్డు ఫ్యూజా? ఎవడేసిండు?"

బావ నన్ను చూశాడు. నేను రోడ్డవతలి పొలం చూశాను.

"నేనే సార్. తప్పయింది."

నా దగ్గర గంటసేపు ఒప్పుకోనిది అక్కడ అర నిమిషంలో ఒప్పుకున్నాడు. ఎస్సై తీగ పీకించి, దాన్ని ఉంచుకుని, మమ్మల్ని వదిలేశాడు. మంచి సలహా చెవికెక్కడానికి పక్కన తుపాకి ఎంత అవసరమో నాకు అప్పుడే అర్థమైంది.

కోరుట్ల మెకానిక్ ఫ్యూజు చోట ఒక బల్బు తగిలించాడు. "బల్బు నిండుగ ఎలిగితె లోపల షార్టున్నట్టు. మసకబారితె మంచిది" అన్నాడు. బల్బు నిండుగా వెలిగింది. బావ ముఖం మాడిపోయింది. మెకానిక్ లోపలి ట్రాన్సిస్టర్లు రెండు ఊడదీసి మళ్లీ స్విచ్ వేశాడు. బల్బు ఒకసారి మెరిసి మసకబారింది.

"ట్రాన్స్‌ఫార్మర్ బతికే ఉన్నది. సచ్చినయి గీ రెండే. మరి ఎందుకు సచ్చినయి?" అంటూ స్పీకరు తీగలు వేళ్ల మధ్య లాగాడు. ఎలుక కొరికిన చోట ఆగాడు. అక్కడ రెండు తీగలకూ ముళ్లున్నాయి. సాంచా మీద తెగిన పోగును అతికినట్టు సన్నగా, కొసలు కత్తిరించి, పక్కపక్కనే. టేపు లేదు. రెండు ముళ్లూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి.

"గీ ముడి ఎవలేసిండ్రు?"

"నేనే." ఈసారి బావ గొంతులో తప్పు లేదు, గర్వం ఉంది.

"ముడి మస్తుగున్నదే. బట్టల ఉంటె ఎవ్వలకు దొరకది. గని గిది కరెంటు. రెండు ముళ్లు తాకితె గంతే."

కొత్త ట్రాన్సిస్టర్లు, సరైన ఫ్యూజు పడ్డాయి. తీగలను మెకానిక్ మెలేసి విడివిడిగా టేపు చుట్టాడు. బావ బుద్ధిగా తలూపాడు. ఇంటికి రాగానే ఆ మెలికలు కత్తిరించి, మళ్లీ తన ముళ్లే వేసి, వాటి మీద టేపు చుట్టాడు.

పాట వచ్చింది. "ముడిల తప్పు లేదు బామ్మర్ది. టేపొక్కటే తక్కువుండె" అన్నాడు బావ.

పాట అయ్యేదాకా నేను స్విచ్ పక్కనే కూర్చున్నాను.