కుచ్చుల రొయ్య

అల్లవరం చెరువుల మీద పన్నెండేళ్లు మేత వేసిన సత్యానందానికి రొయ్య ఆకలి చూడగానే తెలిసిపోయేది. మేత పళ్లెం పైకి లాగి, మిగిలిన గింజల్ని వేలితో కదిపి, ఆ పూట ఎంత వెయ్యాలో చెప్పేవాడు. తెల్లమచ్చ తెగులొచ్చి చెరువులు వరసగా ఎండిపోయాక ఆ చూపుతో ఎవరికీ పని లేకపోయింది. 2005 నాటికి అమలాపురంలో మోటార్లు బాగుచేసే కొట్లో కూర్చుని రాగి తీగ చుట్టేవాడు. ఇంటికొచ్చేసరికి నడుం పట్టేసేది.

ఆ వేసవిలో కూతురు శారోన్ కాకినాడ నుంచి గాజు తొట్టె, రెండు గోధుమరంగు రొయ్యలు తెచ్చింది. వాటి ముందుకాళ్లకు కొక్కేల బదులు మెత్తటి కుచ్చులున్నాయి.

"లక్షల రొయ్యల్ని పెంచేరు, ఈ రెంటినీ చూసుకోలేరా నాన్నా?"

"పెంచిన సంగతి నాకు గుర్తులేదమ్మా. చచ్చినవి ఎత్తిపోయడమే గుర్తుంది. ఇవన్నా బతికితే చాలు."

చెరువు పద్ధతే పెట్టాడు. సీసా మూతలో రెండు మేత గింజలు వేసి, మిగిలితే తీసేసేవాడు. తొట్టెలో నీళ్లు వడగట్టే చిన్న మోటారు స్పాంజి రోజూ పిండేవాడు. నీళ్లు అద్దంలా ఉండేవి. రొయ్యలు పగలంతా అడుగున తిరుగుతూ కుచ్చులతో ఇసక గీరేవి. చెరువులో రొయ్య అడుగున తిరిగితే మేతకి దిగినట్టు, పైకొస్తేనే భయం. అందుకే ధీమాగా ఉన్నాడు.

మూడో వారం ఒకటి చచ్చిపోయింది. వెలుతుర్లో పట్టి చూశాడు. వీపు వెంట నల్లగా కనిపించాల్సిన పేగు ఖాళీగా ఉంది. మేత మార్చాడు. నీళ్లు ఇంకా శుభ్రం చేశాడు. రెండోది కూడా గీరుతూనే ఉంది.

"ఆసుపత్రిలా కడుగుతున్నారు, అందులో మనిషైనా బతకడండీ," అంది భార్య కృపమ్మ.

తర్వాత నడుం పూర్తిగా పట్టేసింది. నాలుగు రోజులు మంచం దిగలేదు. స్పాంజి ఎవరూ పిండలేదు, నీళ్లు మసకబారాయి.

"ఏవండీ, మీ రొయ్య పైకెక్కేసిందండీ!"

పోయిందే అనుకుంటూ గోడ పట్టుకుని వచ్చాడు. రొయ్య మోటారు గొట్టం ఎదురుగా కూర్చుంది. నాలుగు కుచ్చులూ విప్పి ప్రవాహానికి అడ్డం పెట్టింది. కొట్టుకొస్తున్న నలకల్ని పట్టి, ఒక్కో కుచ్చూ ముడిచి నోట్లో పెట్టుకుంటోంది.

సత్యానందం స్టూలు మీద కూలబడ్డాడు. "అడుగున గీరింది ఆకలికే కృపా. నీళ్లలో కొట్టుకొచ్చే తిండిని నేనే రోజూ కడిగేసేను."

ఆ రోజే మేత గింజలు రోట్లో నూరి, పల్చటి గుడ్డలో జల్లించి, నీళ్లలో కలిపి గొట్టం ముందు చుక్కచుక్కగా వదిలాడు. ఇంతలో కరెంటు పోయింది. మోటారు ఆగింది. కుచ్చులు ముడుచుకున్నాయి.

గరిటె అందుకుని మెల్లగా నీళ్లు తిప్పడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఒక కుచ్చు విచ్చుకుంది.

"నడుం బాగోలేదు కదండీ. ఎంతసేపలా?"

"కరెంటొచ్చేదాకా," అన్నాడు చెయ్యి ఆపకుండా.