లింగన్న నొక్కిన బటన్

నాలుగేళ్లుగా ఒక మనిషికి చెందాల్సిన నిజాన్ని నా దగ్గర దాచుకుని తిరుగుతున్నాను. మా ఆవిడతో కూడా అనలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కరీంనగర్‌లో ఒక చిన్న కంపెనీలో నా పని పరికరాలను చెడగొట్టి చూడడం. నవ్వకండి, దానికే జీతమిస్తారు. ఊళ్లలో తాగునీటి మోటర్లను నడిపే కంట్రోల్ పెట్టెలు మేం తయారు చేస్తాం. అవి సిమ్ కార్డుతో ఆఫీసుకు కబురందిస్తాయి. ఫజింగ్ టూల్ అని ఒకటుంది. అది ఆ పెట్టెకు అడ్డదిడ్డమైన సందేశాలు వేలకొద్దీ పంపుతుంది. ఏ సందేశానికి పెట్టె పని ఆపి బిగుసుకుపోతుందో అక్కడ లోపం ఉన్నట్టు. చెడ్డవాడి కంటే ముందు మనం దాన్ని పట్టుకోవాలి.

ఆ ఎండాకాలం పెట్టెలు చాలలేదు. నేను సెలవులో ఉండగా, నా బల్ల మీది పరీక్ష పెట్టెను బిగించేవాళ్లు ఎత్తుకెళ్లి జైనూర్ అవతల గుట్టల్లో ఒక ఊరి బావి దగ్గర పెట్టేశారు. సిమ్ కూడా మార్చలేదు. మా దగ్గర ఇలాంటివి మామూలే, ఎవరూ ఎవరికీ చెప్పరు. తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీ. పక్క గదిలో పెట్టారనుకున్నాను. పది అడుగులు వేస్తే తెలిసేది. వేయలేదు. ఆ సిమ్ పాత అడ్రస్‌కే టూల్ వదిలి భోజనానికి పోయాను.

వచ్చి చూస్తే పెట్టె బిగుసుకుంది. తన పొడవు ఎక్కువని చెప్పుకుని, నిజానికి తక్కువే ఉన్న ఒక చిన్న సందేశం చాలింది. లోపం దొరికిందని ఎంత సంబరమో! టీ కూడా తెప్పించుకున్నాను.

అప్పుడు ఫోన్ మోగింది. ఆ ఊళ్లో మోటర్ చూసే లింగన్న. పెట్టె మీద రాసి ఉన్న నంబరు నాదే.

"సార్, బటన్ ఒత్తిన, మోటర్ ఆగలే. బాయిల నీళ్లు ఒడిశినయ్. ట్రాన్స్‌ఫార్మర్ కాడికి ఉరికి ఫ్యూజు పీకేసరికి మోటర్ కాలిపోయింది. గా పెట్టెల ఏమన్న అయిందా, జర చూడుండ్రి."

నాకు అర్థమైంది. నా బల్ల మీది పెట్టె ఉన్నది ఆ బావి దగ్గర.

"పెట్టెల ఏం లేదన్నా. నువ్వే లేట్ చేసి ఒత్తినట్టున్నవ్."

ఆ మాట అంత తేలిగ్గా నా నోట ఎలా వచ్చింది? ఉద్యోగం పోతుందన్న భయమా, ఎదుటివాడు ఎదురు చెప్పలేడన్న ధీమానా?

"గట్లంటరా సార్," అన్నాడు లింగన్న. "గడియసేపు నీడకు కూసున్న. గప్పుడు కండ్లు మూతవడ్డయేమో మరి."

పెట్టెలో లోపం లేదని రిపోర్టు రాసింది నేనే. అది చూసి లింగన్నను పనిలోంచి తీసేశారు. కొత్త మోటర్ వచ్చేదాకా ఆ ఊరి ఆడవాళ్లు వాగు ఇసుకలో చెలిమల గుంటలు తవ్వి నీళ్లు మోశారట. తాను నిద్రపోబట్టే ఊరు ఎండిందని ఒక మనిషి తనను తానే తిట్టుకుంటూ బతకడం ఎలా ఉంటుందో నేను ఊహించడం మొదలుపెట్టి మధ్యలోనే ఆపేస్తాను, ప్రతిసారీ.

ఆ లోపం ఇంకా అలాగే ఉంది. ఖానాపూర్‌లో, ఉట్నూర్ చుట్టుపక్కల అవే పెట్టెలు నడుస్తున్నాయి. వేరే పెట్టెలో దొరికిందని చెప్పొచ్చు కదా? చెప్పొచ్చు. ఎవరైనా పాత రిపోర్టు తీస్తే? అంతే, నోరు మూసుకుంటాను. నాకు దొరికింది ఇంకొకడికి దొరకదని ఏముంది? వాడు భోజనానికి లేచి వెళ్లడు, కూర్చుని చూస్తాడు. మార్చి వచ్చిందంటే తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తను.

ఆ పెట్టె తిరిగి నా బల్ల మీదికే వచ్చింది. మోటర్‌ను ఆపే భాగమే బిగుసుకుంది గానీ, బటన్ నొక్కిన వేళలు, నీటి మట్టం దాని మెమొరీలో ఉన్నాయి. చదివాను. తుడిచేశాను. ఒక కాపీ మాత్రం ఉంచుకున్నాను, ఎందుకో అడగకండి. ఇన్నేళ్లలో మొదటిసారి అందులో ఉన్నది బయటికి చెబుతున్నాను, గుండె కాస్త తేలికవుతోంది, ఆ తేలికకు కూడా సిగ్గుగానే ఉంది.

లింగన్న నిద్రపోలేదు. మూడుసార్లు నొక్కాడు. మొదటిసారి నొక్కినప్పుడు బావిలో ఇంకా నిలువెత్తు నీళ్లున్నాయి.