పేరు మీద అరచెయ్యి

అంకుల్ పోయారన్న కబురు అందేసరికి నేను కెనడాలోని మిస్సిసాగాలో, ఆఫీసు పార్కింగ్ లాట్‌లో కారులోనే ఉన్నాను. ఫోన్ చేసింది వాళ్లమ్మాయి. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు అంతా అర్థమవుతుంది కానీ జవాబులు మాత్రం ఇంగ్లిషులోనే ఇస్తుంది. ఆ రోజు మాత్రం "నాన్న పోయారక్కా" అని తెలుగులో చెప్పింది. మేనేజరుకు ఒక మెసేజ్ పెట్టి, కాసేపు స్టీరింగ్ పట్టుకుని ఏడ్చి, 401 హైవే ఎక్కి సార్నియా వైపు బయల్దేరాను.

ఆయన నాకు చుట్టం కాదు, పాఠం చెప్పిన టీచరూ కాదు. సార్నియాలో ఒక పెట్రోకెమికల్ ప్లాంటు కంట్రోల్ రూములో ఏళ్ల తరబడి షిఫ్టులు చేసి రిటైరయిన కాకినాడ మనిషి. ఆ ఊళ్లోని మా కాలేజీకి తెలుగు పిల్లలం వెల్లువలా వచ్చిపడ్డ ఆ రెండు మూడేళ్లలో, మాస్టర్స్‌కు అప్లై చేసేవాళ్ల ఎస్‌ఓపీలు చదివి పెట్టేవారు. నేనెవరిని, ఈ చదువు నాకెందుకు అని యూనివర్సిటీ వాళ్లకు మనం రాసుకునే రెండు పేజీలే ఎస్‌ఓపీ. రాయడం రాక కాదు, మన గురించి మనం రాసుకోవడం ఎవరూ నేర్పక, మాలో చాలామందిమి దాన్ని హైదరాబాద్‌లో ఏదో ఒక కన్సల్టెన్సీ చేత రాయించుకుని తెచ్చుకునేవాళ్లం.

నేను పనిచేసే కాఫీ షాపుకు ఆయన రోజూ పొద్దున్నే వచ్చేవారు. ఒకరోజు ఫోన్లో మా అమ్మతో మాట్లాడుతుంటే విని, ఏ ఊరమ్మా అని అడిగారు. సూర్యాపేట అన్నాను. బస్సు కోసం గంట నిలబడే నన్ను ఆ రోజు కారులో దింపారు. వారం తిరక్కముందే నేనూ నా రూమ్మేటూ ఆయన డైనింగ్ టేబుల్ ముందు, చెరో ఎస్‌ఓపీ పట్టుకుని కూర్చున్నాం.

ఆంటీ ఉప్మా పెట్టి, వాళ్లను ముందు తిననివ్వండి అన్నారు. ఆయన వినలేదు. రెండూ తీసుకుని చదివారు. తర్వాత పైనున్న పేరు మీద అరచెయ్యి అడ్డం పెట్టి, ఒక కాగితాన్ని నా ముందుకు జరిపి, గట్టిగా చదవమన్నారు. చిన్నప్పటి నుంచీ యంత్రాలంటే నాకు ఎంత ఆసక్తో, కెనడా విద్యావ్యవస్థ మీద ఎంత గౌరవమో ధీమాగా చదువుకుంటూ పోయాను. మూడో పేరాలో తండ్రిగారి ఎలక్ట్రికల్ షాపు వచ్చింది. మా నాన్నకు షాపు లేదు. ఆర్టీసీలో కండక్టరు. ఆయన చెయ్యి తీశారు. అది నా రూమ్మేట్‌ది.

నా రూమ్మేట్ నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. నవ్వులాటకు సమయం కాదది. బీటెక్ ఆరేళ్లకు పూర్తి చేసినదాన్ని. బ్యాక్‌లాగ్స్ తొమ్మిది. ఆ తర్వాత రెండేళ్లు గ్యాప్. సార్నియాలో చేరింది కూడా సీటు దొరికిన ఏదో మేనేజ్‌మెంట్ డిప్లొమాలో. మళ్లీ ఇంజనీరింగ్ చదవాలన్నది నా పంతం. అప్పటికే ఆ ఎస్‌ఓపీతోనే రెండు యూనివర్సిటీలకు అప్లికేషన్లు పంపితే రెండూ కాదన్నాయి. ఆ ఏడాదికి ఇక మిగిలింది లండన్ ఒక్కటే. ఇంగ్లండ్ లండన్ కాదు, మాకు గంట దూరంలో ఉన్న లండన్.

"ఇది ఎవరైనా రాయొచ్చమ్మాయ్. ఎవరైనా రాయగలిగింది నీకెందుకు?" అన్నారు ఆయన.

అసలు ప్రశ్నలు మాత్రం కారులో అడిగేవారు. ఎదురుగా కూర్చుని అడిగితే మీరు అబద్ధం చెబుతారు, నేను మొహమాటానికి నమ్ముతాను అనేవారు. కళ్లు రోడ్డు మీద పెట్టి, రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, వెనకవాళ్లు హారన్ కొట్టేంత నెమ్మదిగా నడుపుతూ ఒక్కో ప్రశ్నా వదిలేవారు. ఏం చెప్పినా "ఎలా తెలుసు?" అని మళ్లీ అడిగేవారు. జవాబు తెలుగులోనే చెప్పాలని షరతు. ఇంగ్లిషులో అయితే ఆ కన్సల్టెన్సీ వాడే నీ గొంతులో మాట్లాడతాడనేవారు.

గ్యాప్ వచ్చిన ఆ రెండేళ్లు ఏం చేశావని అడిగారు ఒకరోజు. ఖాళీగా ఉన్నానని చెప్పాను. రెండేళ్లు ఎవరూ ఖాళీగా ఉండరన్నారు. నాకు చిరాకేసింది.

"మా మామ వాటర్ ప్లాంట్ల పన్జేసిన అంకుల్. క్యాన్లు నింపుడు, ఆటోలకెక్కిచ్చుడు. గది రాస్తరా ఎవరన్న?"

ఆయన కారు పక్కకు తీసి ఆపారు.

ఆ అరగంట నాకు ఇప్పటికీ మొదటి నుంచి చివరి దాకా గుర్తుంది. మా మామ ప్లాంటులో బోరు నీళ్లు ఫిల్టరు చేసి, ఇరవై లీటర్ల క్యాన్లకు పట్టి ఇళ్లకు పంపేవాళ్లం. అప్పుడు వృథాగా బయటికి పోయే ఉప్పు నీళ్లు కాలువలోకి వెళ్లేవి. అవి ఎన్ని పోతున్నాయో చూద్దామని ఒకరోజు ఊరికే బకెట్లతో కొలిచాను. రెండు బకెట్లు మంచినీళ్లు పడితే మూడు బకెట్లు కాలువ పాలు. మా మామ నమ్మలేదు. దాంతో పట్టుదల వచ్చి రోజూ కొలిచి నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాను. ఎండలు ముదిరేకొద్దీ వృథా పెరిగింది. ఆ నీళ్లకు ఒక పైపు వేసి పక్కనున్న ఆటోస్టాండుకు ఇచ్చాం. డ్రైవర్లు ఆటోలు కడుక్కునేవాళ్లు. ఇదంతా చెబుతుంటే ఆయన ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. చివర్లో, ఎండాకాలం ఎందుకు పెరిగింది అని అడిగారు. బోరు అడుగంటి ఉప్పు ఎక్కువై ఉంటుంది, అది కాక ఇంకేం కారణాలున్నాయో తెలియదు అన్నాను.

"ఆ తెలియదన్నదే రాయి. దాని కోసమే కదా నువ్వు చదవాలనుకుంటున్నావు."

ఎలా రాయాలో ఆయన తన పనిలోంచే చెప్పారు. ప్లాంటులో షిఫ్టు దిగే మనిషి, ఎక్కే మనిషికి పుస్తకంలో రాసిపెట్టి వెళ్తాడు. ఎక్కేవాడికి గడిచిన పన్నెండు గంటల్లో ఏం జరిగిందో ఏమీ తెలియదు. చదవడానికి పది నిమిషాలు కూడా ఉండవు. వాడికి నా అభిరుచులు, నా కలలు అనవసరం. ఎక్కడ తేడా కనిపించింది, నేనేం చేశాను, ఇంకా ఏం మిగిలింది, ఈ మూడూ కావాలి. మీ ఎస్‌ఓపీ చదివే ప్రొఫెసరు కూడా షిఫ్టు ఎక్కే మనిషే అనుకోమన్నారు. తర్వాత నేను ఎన్ని వర్క్‌షాపులు విన్నానో లెక్కలేదు. ఇంతకన్నా పనికొచ్చే ముక్క ఇంకెవరూ చెప్పలేదు.

ఆయన చెప్పిందల్లా విన్నానని కాదు. బ్యాక్‌లాగ్స్ సంగతి మొట్టమొదటి వాక్యంలోనే రాయాలని ఆయన పట్టు. తేడా జరిగితే పుస్తకంలో అదే పైన ఉండాలట. నేను ఒప్పుకోలేదు. దాచను, కానీ మొదట మాత్రం బకెట్లే ఉంటాయి అన్నాను. వారం రోజులు వాదించుకున్నాం. ఆంటీ మధ్యలో వచ్చి, చదువుకునేది ఆ పిల్ల, మీరు కాదు అని గుర్తుచేసేవారు. ఆయనకు ఓపిక తక్కువ, గొంతు పెద్దది. ఆయన మాటలకు కళ్లనీళ్లు పెట్టుకుని వెళ్లినవాళ్లు మాలో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. చివరికి బ్యాక్‌లాగ్స్ మూడో పేరాకు వెళ్లాయి. తొమ్మిది తప్పాను, ఫలానావి మళ్లీ ఒకసారి, ఫలానావి రెండుసార్లు రాసి పాసయ్యాను అని రెండే వాక్యాలు. సాకులు లేవు. అవి రాశాక బరువు దిగింది.

నన్ను నేను ఇంగ్లిషులో గుర్తుపట్టింది ఆ కాగితంలోనే మొదటిసారి. పంపే ముందు ఆయన మళ్లీ పేరు మీద అరచెయ్యి పెట్టి నా రూమ్మేట్ చేత చదివించారు. మొదటి వాక్యంలో బకెట్ రాగానే, ఇది దీనిదే అంకుల్, ఇంకెవరిది అంది. ఇక పంపేయండన్నారు ఆయన.

లండన్‌లో సీటొచ్చింది. చెప్పడానికి వెళ్తే, నేను చెప్పలేదా, బ్యాక్‌లాగ్స్ మూడో పేరాలో పెట్టమని అన్నారు. ఆంటీ నావైపు చూసి, వదిలేయమని కళ్లతోనే సైగ చేశారు. వదిలేశాను. కృతజ్ఞత అంటే ఇది కూడా అని నాకు అనిపించింది. ఇవాళ తాగునీటి శుద్ధి కేంద్రాలకు డిజైన్లు చేసే ఆఫీసులో నా సీటు నాకుంది. ఆ సీటుకు నేను తగనేమో అన్న అనుమానం ఒక్కరోజూ రాలేదు. ఎందుకు తగుదునో ఒకసారి నా చేత్తో నేనే రాసుకున్నాను కాబట్టి.

పోవడానికి మూడు వారాల ముందు ఆయనను లండన్‌లోని ఆసుపత్రిలో చేర్చారు. ఒక శనివారం మధ్యాహ్నం వెళ్లాను. ఆంటీ భోజనానికి కిందికి వెళ్లారు. మనిషి బాగా చిక్కిపోయారు, గొంతు కూడా చిన్నదైపోయింది. ఏం చేస్తున్నావో చెప్పమన్నారు. అరగంట చెప్పాను, అంతా తెలుగులోనే. వింటూ మధ్య మధ్య కళ్లు మూసుకునేవారు, నేను ఆగితే చేత్తో కానివ్వమనేవారు.

నర్సు గ్లాసులో నీళ్లు తెచ్చి పెట్టి వెళ్లింది. ఆయన గ్లాసు అందుకుని, కిటికీ వెలుగులోకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇంజనీరు గారూ, తాగొచ్చంటారా?"

ఆయన నన్ను మీరు అనడం ఎప్పుడూ వినలేదు. తాగండి అంకుల్ అన్నాను. ఎలా తెలుసు అంటారని, ఈ ఊరికి నీళ్లు ఏ సరస్సు నుంచి వస్తాయో, దారిలో వాటికేం చేస్తారో జవాబు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఆయన అడగలేదు. ఒక్కో గుక్కా ఆగి ఆగి చివరి దాకా తాగి, ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి, మీసం తుడుచుకున్నారు.