ప్రతి ఆదివారం కొత్తగా వచ్చే మాస్టారు

పెద్దిరాజు మాస్టారు పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం ఒకే మందిరానికి కొత్తగా వస్తున్నారు.

దేశ రాజధానిలో, జనక్‌పురిలోని ఒక బేస్‌మెంట్ హాల్లో తెలుగు ఆరాధన జరుగుతుంది. పాటలయ్యాక పాస్టర్ ధర్మయ్యగారు, "క్రొత్తవారు లేచి పేరు, ఊరు, ఏ చర్చి సంఘమో చెప్పండి" అంటారు. వెంటనే మంకీ క్యాప్ సర్దుకుంటూ మాస్టారు లేస్తారు.

"మీరు కూర్చోండి మాస్టారూ!"

"కొత్తవాణ్ణండీ. నిలబడాలి కదా!"

అక్కడిదాకా నవ్వులే. ఆ తర్వాత ఆయన చెప్పే పేరు మాత్రం ఆయనది కాదు. గొంతూ ఆయనది కాదు.

ఆ జనవరి ఉదయం పది దాటినా కార్లు లైట్లు వేసుకునే తిరుగుతున్నాయి. పొగమంచులో మందిరం గేటు దగ్గర కిరణ్మయి చాలాసేపు నిలబడింది. సివిల్స్‌కి చదువుతూ అద్దెగదిలో ఉంటోంది. ఎదురుగా ఉన్న మనిషితో తెలుగులో మాట్లాడి నెల దాటింది. మెట్ల కిందినుంచి తెలుగు పాట పైకి వస్తోంది, బావిలోంచి ఎవరో పిలుస్తున్నట్టు.

మంచులోంచి మంకీ క్యాప్ పెట్టుకున్న ఒక ముసలాయన ఊడిపడ్డాడు.

"హిందువులు రావచ్చాండీ?" అంది.

"పేరేంటమ్మా?"

"కిరణ్మయి. తెనాలి వైపు."

"అలాగా!" అంటూనే ఆయన మళ్లీ మంచులో కరిగిపోయాడు. రావచ్చో లేదో చెప్పనే లేదు.

లోపల పక్కన కూర్చున్న అనసూయ ఆంటీ గుసగుసలాడింది. "అదిగో, మూడో వరసలో, ఆయనే మాస్టారు. పోయినవారం సరోజ అయ్యారమ్మా. రెండేళ్ల కిందట ఒక్కసారొచ్చి మళ్లీ రాని పిల్ల. అచ్చం దాని గొంతే!"

"చనిపోయిందా ఆంటీ?"

"ఛ, నోయిడాలో నిక్షేపంగా ఉంది. ఏ సంఘమని అడిగితే బెదిరి వెళ్లిపోయింది. ఈయనకి బతికున్నవాళ్లే పూనుతారు!"

ట్యూబ్‌లైటు రెండుసార్లు ఆరి వెలిగింది. "క్రొత్తవారు..." అన్నారు ధర్మయ్యగారు.

కిరణ్మయి చెయ్యి బొట్టు మీదికి వెళ్లింది. నిలబెట్టి అడిగితే ఇటునుంచిటే మెట్లెక్కేస్తుంది. మళ్లీ ఈ గేటు వైపు చూడదు.

మాస్టారు లేచారు. సన్నని ఆడపిల్ల గొంతు వినిపించింది.

"నా పేరు కిరణ్మయి. మాది తెనాలి."

కిరణ్మయి మూడో వరస వైపు మెడ చాచింది. తన పేరు తనను వదిలి హాల్లో తిరుగుతోంది.

"ఏ సంఘమమ్మా కిరణ్మయీ?" ధర్మయ్యగారు ఆటపట్టించారు. జనం నవ్వారు.

"ఏ సంఘమూ కాదండీ. బొట్టు కనబడటం లేదా?" మాస్టారు క్యాప్ పైకెత్తి ఉత్త నుదురు చూపించారు. "తెలుగు పాట వినబడితే దిగొచ్చాను. ఉండొచ్చా, వెళ్లిపోవాలా?"

నవ్వులు ఆగిపోయాయి. ధర్మయ్యగారి చూపు మాస్టారిని దాటి వరసలన్నీ మెల్లగా వెతికింది. ఎక్కడా ఆగలేదు.

"వెళ్లడమేంటమ్మా?" అన్నారు, అందరికీ వినబడేలా. "ఉండు. బొట్టుతోనే ఉండు. ఇకమీదట ఇక్కడ ఎవర్నీ లేపి సంఘం అడగను."

అప్పుడు ఎవరూ లేపకుండానే కిరణ్మయి లేచింది.

"అయ్యగారూ, మాది తెనాలి కాదండీ. దాని పక్కన చెరుకుపల్లి."

"ప్రభువా! కిరణ్మయిలు ఇద్దరయ్యారు!" అనసూయ ఆంటీ బెంచీ చివరిదాకా జరిగిపోయింది.

మాస్టారు వెనక్కి తిరిగి సొంత గొంతుతో అన్నారు. "క్షమించమ్మా. కొత్తవాణ్ణి కదా, తడబడ్డాను."